మూడు కాళ్ళ మీద నిలబడ్డ ఎద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎద్దులు లేవు, మట్టి ఎద్దులు మాత్రం ఏటా ఉండేవి. ఏరువాక రోజుల్లో వచ్చే అమావాస్యకు మా గద్వాల, ఆత్మకూరు దిక్కున ఇంటింటా మట్టితో ఎద్దుల జత చేసి, పీట మీద నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. కొట్టం నిండా పశువులున్న వాళ్ళకూ అవే ఎద్దులు, ఒక దూడ కూడా లేని మాకూ అవే ఎద్దులు. ఆ ఒక్కరోజు ఊళ్ళో ఎవరికీ ఎవరూ తక్కువ కాదు. ఈ ముక్క ఇప్పుడు గర్వంగా రాస్తున్నాను గానీ, తొమ్మిదేళ్ళ వయసులో నాకు ఆ మట్టి ఎద్దులంటే చెప్పలేనంత సిగ్గు.

వాటిని చేసేది మా మేనత్త. మా నాన్న కంటే పెద్దది. పెళ్ళయిన కొత్తలో కాలువ తవ్వే పనికి పోతే కాలి మీద బండ పడి, ఎడమకాలు పొట్టిదైపోయింది. కుంటిదానితో కాపురం చేయనని మొగుడు అంటే, "నేను గూడ చెయ్య" అని ఆమే మూట కట్టుకుని మా ఇంటికి వచ్చేసిందట. మా అమ్మా నాన్నా ఏటా పంట ఇంటికి రాగానే కూలీలను పోగేసే గుంపు మేస్త్రీ వెంట ఎక్కడెక్కడికో చెరువు కట్టల పనికి పోయేవారు, వానలకు ముందు తిరిగి వచ్చేవారు. వాళ్ళు లేని నెలలన్నీ నాకు వండి పెట్టిందీ, తల దువ్విందీ, బడికి తరిమిందీ అత్తే. అయినా ఆమెతో ఎక్కడికైనా పోవాల్సి వస్తే నేను పది అడుగులు ముందు నడిచేదాన్ని. ఆమె నా మనిషి కాదని చూసేవాళ్ళు అనుకోవాలని. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది, కానీ అది నిజం.

అత్త చేసిన ఎద్దులు కూడా అత్తలాగే ఒక తీరున ఉండేవి కావు. ఒకదాని పొట్ట పెద్దది, ఇంకోదాని కొమ్ములు చెరో దిక్కు. వాటికి పేర్లు పెట్టి, మాట్లాడుతూ చేసేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒక అమావాస్యకు మా ఇంటికి వచ్చి, పీట కేసి చూసి, "గవి ఎద్దులా, మేకలా?" అని నవ్వింది. ఏడాది పొడుగునా ఆ నవ్వు నా చెవిలోనే ఉంది.

ఆ మరుసటి ఏడు మా నాన్న ఊరి పటేలు దగ్గర రెండెకరాల చేను కౌలుకు మాట్లాడుకున్నాడు. ఎప్పుడూ ఒకరి చేలో కూలి చేయడమే గానీ, మా చేత్తో మేం విత్తుకునే నేల దొరకడం అదే మొదటిసారి. పటేలు ఒక్కటే షరతు పెట్టాడు. తొలివాన పడ్డ వారంలోపు విత్తనం పడాలి, లేకపోతే ఆ చేను కోసమే పాన్‌గల్ నుంచి తిరుగుతున్న ఇంకో ఆసామికి ఇచ్చేస్తానన్నాడు. అందుకని మా నాన్న పనికి పోయే ముందు పచ్చజొన్న విత్తనాలు ఏరి, పురుగు పట్టకుండా బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అత్తకు అప్పజెప్పాడు. ఎండాకాలంలో కూలి దొరక్క గంజి తాగి పడుకున్న రోజులున్నాయి. అప్పుడు కూడా అత్త ఆ గుడ్డ విప్పలేదు.

అమావాస్య నాలుగు రోజులుందనగా గద్వాల నుంచి సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. వెనక పెద్ద గంప, గంపలో గడ్డి, గడ్డిలో సున్నంతో పోతపోసిన ఎద్దులు. తెల్లటి ఒళ్ళు, బంగారు రంగు కొమ్ములు, మెడలో ఎర్రటి పట్టెడ, వీపు మీద తళతళలాడే మెరుపు పొడి. జతలో రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. అంత అందమైన వస్తువును నేను అప్పటిదాకా చూడలేదు. వీధి పిల్లలంతా ఇంట్లోంచి ఒళ్ళో జొన్నలు పోసుకొచ్చి కొనుక్కుంటున్నారు. ఆ రోజుల్లో ఐసయినా, బొరుగుల ఉండయినా పిల్లలం అలా గింజలు పోసే కొనేవాళ్ళం. అత్త కూలికి పోయింది. తినే జొన్నలు మా ఇంట్లో ఆ పూటకు సరిపడానే ఉన్నాయి. నేను కుండ గుడ్డ విప్పాను.

మొదట దోసెడు తీసుకుపోయాను. చాలవన్నాడు. ఇంకో దోసెడు తెచ్చాను. అదీ చాలదన్నాడు. ముందు పోసింది ఊరికే పోతుందని ఇంకొంచెం, అది ఊరికే పోతుందని మరికొంచెం, చివరికి కుండే ఎత్తుకుపోయాను. ఆయన చాటలో ఒంపుకుని, బూడిద ఊదేసి, ఒక గింజ కొరికి చూసి, "ఇత్తనాలు గదా పొల్లా ఇవి?" అన్నాడు. కాదన్నాను. అబద్ధమని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఎద్దుల జత నా చేతిలో పెట్టి సైకిలెక్కాడు. ఊదిన బూడిద నా మొహమంతా పడింది.

ఆ సంతోషం ఎంతసేపుందో చెప్పనా? ఖాళీ కుండను ఇంట్లో మూలన పడేసి, పోయి ఆ పక్కసీటు పిల్లకు చూపించి తిరిగి వచ్చేదాకా. ఇంట్లోకి అడుగు పెట్టి ఆ కుండ చూసేసరికి, ఎద్దులను పీట మీద పెట్టేసి దూరంగా పోయి కూర్చున్నాను.

అత్త వచ్చి పీట మీది ఎద్దులను చూసింది, కుండను చూసింది. కుండలో చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమింది. మిగిలిన బూడిదలో రెండు గింజలు చేతికి వచ్చాయి. వాటిని కొంగుకు ముడి వేసుకుంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "మీ నాయిన అమాస ఎల్లిన మూడొద్దులకు వస్తడు" అని మాత్రం అంది. తర్వాత గడప మీద కూర్చుని, చీకటి పడేదాకా తన పొట్టికాలు ఒత్తుకుంటూ ఉండిపోయింది. ఆమె నన్ను చితకబాదినా బాగుండేదనిపించింది. చేను పోతుందా అని అడగాలని ఉంది, అడిగే మొహం లేదు.

అమావాస్య నాడు ఎప్పటిలాగే మట్టి తెచ్చి ఎద్దులు చేసింది. వాటి పక్కనే నా సున్నపు ఎద్దులను కూడా నిలబెట్టింది. నేను బిత్తరపోయి చూస్తుంటే, "ఇంటికొచ్చినయి. ఆటి తప్పేముంది?" అని వాటికీ బొట్టు పెట్టింది. ఎవరి తప్పో చెప్పకుండానే చెప్పింది.

అమావాస్య మర్నాడు కుంటెద్దు తిరిగే రోజు. కన్నడ సీమను ఆనుకుని ఉన్న మా ఊళ్ళలో అది పిల్లల పండుగ. మట్టితో ఒక కుంటి ఎద్దును చేసి, చాటలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. దున్నలేని ఎద్దుకు ఊరంతా కలిసి మేత వేయడమన్నమాట. చాట గడప ముందుకు వస్తే ఎంతటివాళ్ళయినా జొన్నలు పోయాల్సిందే. ఆ గింజలతో పిల్లలు చేను గట్టున వండుకుని తింటారు. ఆ రోజు పొద్దున్నే అత్త చాట నా చేతికిచ్చింది. "ఇయ్యాల వండుకునుడు గిండుకునుడు ఏం లేదు. తినే జొన్నలు గాదు, ఇత్తనాలు అడుగు. ఏ ఎద్దును తీస్కపోతవో నీ ఇష్టం" అంది.

ఇష్టం నాదయినప్పుడు ఇంకేం, సున్నపు ఎద్దునే తీసుకున్నాను. పక్కింటి అవ్వ చాటలోకి వంగి చూసి పకపకా నవ్వింది. "గిది అంగడి ఎద్దు గదనే! నాలుగు కాళ్ళు మంచిగున్నయి. పొయ్యి దున్నుకొమ్మను" అని లోపలికి పోయింది. తర్వాతి ఇంట్లోనూ అంతే, ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. నాకంటే చిన్నపిల్లలు వంకరటింకర కుంటెద్దులతో చాటల నిండా గింజలు మోసుకుపోతున్నారు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. గోడ చాటుకు పోయి, ఎద్దు ముందుకాలును రాయికేసి కొట్టాను. కాలు ఊడి, తెల్లటి సున్నం రాలి, లోపల్నుంచి తుప్పుపట్టిన తీగ బయటికి వచ్చింది. నిలబెడితే ముక్కు మీద పడింది. మళ్ళీ నిలబెట్టాను, మళ్ళీ పడింది. దాన్ని చాటలో వేసుకుని ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

అత్త చూసి, ఇన్ని రోజుల తర్వాత నవ్వింది. "ఇరిగినదాన్ని కుంటిదంటరానె? ఇరిగింది పడ్తది. కుంటిది నడుస్తది. జర చూడు" అని లేచింది. కొంగు నడుముకు దోపుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూపించింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా లెక్క చేయలేదు. అన్నేళ్ళుగా ఆ నడక నుంచి మొహం తిప్పుకున్న నేను ఆ రోజు మొదటిసారి దాన్ని కళ్ళారా చూశాను. పొట్టికాలు లేచేముందు ఒళ్ళంతా కుడికి వాలుతోంది. కుడి తుంటి బరువంతా మోస్తోంది. కుడి పాదం కొంచెం బయటికి తిరిగి నేలను గట్టిగా పట్టుకుంటోంది. అందులో తప్పేమీ లేదు. నేను పుట్టకముందు నుంచీ ఆమె పడిపోకుండా నడుస్తోంది, అంతే.

"గట్ల చెయ్యి" అని మట్టిముద్ద నా ముందు పెట్టింది.

నల్లరేగడిలో కాస్త పేడ, కాస్త దూది పీచు వేసి పిసికిన ముద్ద అది. నా మొదటి ఎద్దు పడిపోయింది. రెండోదీ పడిపోయింది. నాలుగు కాళ్ళ మీద ఎద్దును ఎవరైనా నిలబెడతారు. ఒక కాలు పొట్టిగా పెట్టి, అది నేలకు ఆనకుండా, మిగతా మూడింటి మీద నిలబెట్టాలంటే మాత్రం మట్టితో చాలాసేపు బతిమాలుకోవాలి. అత్త చెయ్యి వేయలేదు. నేను అడిగినప్పుడల్లా లేచి నడిచింది. నేను ఆమె తుంటిని చూసి ఎద్దు మూపురాన్ని కుడికి వాల్చాను, ఆమె పాదాన్ని చూసి వెనక కాళ్ళు ఎడం చేశాను, ఎద్దు తలను కుడికి తిప్పాను. చెయ్యి తీశాను. అది నిలబడింది. గోళ్ళ నిండా మట్టి, జుట్టు నిండా మట్టి, మధ్యాహ్నం అయిపోయిందని కూడా నాకు తెలియలేదు. కుండ సంగతి, నాన్న సంగతి అన్నీ కాసేపు మర్చిపోయాను. అంత సంతోషం ఇన్నేళ్ళలో నాకు ఏ అంగడిలోనూ దొరకలేదు, దొరుకుతుందని ఎవరైనా చెప్పినా నమ్మను. అత్త కొంగు ముడి విప్పి ఆ రెండు జొన్నగింజలు ఇచ్చింది. వాటిని కళ్ళుగా అద్దాను.

ఈసారి ఇద్దరం కలిసి బయలుదేరాం, చాట నేను, గింజల మూట అత్త. నేను ముందు నడవలేదు. పక్కింటి అవ్వ చూడగానే చాటలో జొన్నలు పోసింది. విత్తనాలు కావాలంటే లోపలికి పోయి ఇంకో గిన్నెలోంచి మార్చి తెచ్చింది. కొందరు పోశారు, కొందరు తినే జొన్నలే ఉన్నాయన్నారు, ఒకామె జొన్నలు లేవని ఆముదం గింజలు పోసింది. అలా తిరుగుతూ పటేలు ఇంటి ముందుకు వచ్చాం.

పటేలు అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. చాటలోకి చూశాడు, అత్త కాలు కేసి చూశాడు. "జోడు మంచిగ కుదిరింది" అన్నాడు. నలుగురూ నవ్వారు. అత్త ఏదో అనబోయింది గానీ అంతలోనే నేను అందుకున్నాను. "ఔ పటేలా, మా అత్తను చూసే చేసిన. గది మూడు కాళ్ళ మీద నిలవడ్తది. పడ్తదేమో నువ్వే నిలవెట్టి చూడు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చాట మాత్రం దించలేదు. పటేలు ఎద్దును తీసి అరుగు మీద పెట్టాడు. నిలబడింది. వేలితో మెల్లగా తోశాడు. కదిలింది గానీ పడలేదు. నవ్వినవాళ్ళు ముందుకు వంగి చూశారు. పటేలు భార్య లోపల్నుంచి వచ్చి, మొగుడి మొహం కూడా చూడకుండా, చాటెడు విత్తనపు జొన్నలు మా మూటలో పోసింది. పోతూ పోతూ అత్త, "తొలివానకు ఇత్తుతం పటేలా. ఎవ్వరికి మాటియ్యకు" అంది. అది అడగడం కాదు, చెప్పడం.

కుండ ముప్పాతిక నిండింది. నాన్న వచ్చిన రోజు జరిగిందంతా నేనే చెప్పాను. ఆయన చెయ్యి లేచింది. "గింజలున్నయి, చెయ్యి దించు" అంది అత్త. ఆయన చెయ్యి దించి, కుండ గుడ్డ విప్పి, గింజలను వేళ్ళ మధ్య జార్చి చూసుకుని, మళ్ళీ గుడ్డ కట్టాడు. ఆ వారంలోనే వాన పడింది. విత్తాం. జొన్నలు సరిపోని మూల ఆముదాలు వేశాం. ఇంటికో రకం గింజ కదా, మా చేను ఒక తీరుగా లేవలేదు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, అతుకుల బొంత పరిచినట్టు ఉండేది. దారిన పోయేవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వనీ, కంకులు మావి. ఆ చేను మా చేతుల్లోనే ఉండిపోయింది.

పండుగయ్యాక మట్టి ఎద్దులను చేలో వదిలేస్తాం, వానకు కరిగి నేలలో కలిసిపోతాయి. నా కుంటెద్దు గట్టు పక్కన కరిగింది. దాని కళ్ళలో ఒకటి మొలిచింది, ఇంకోటి మొలవలేదు. సున్నపు ఎద్దులు మాత్రం మా ఇంటి వెనక చాలా ఏళ్ళు రంగు పోయి పడి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు బూడిద వాసన వచ్చేది.

ఇంత తెలిసినదాన్ని ఇక జన్మలో అలా చేసి ఉండనని అనుకుంటున్నారేమో. చేశాను. ఇప్పుడు వనపర్తిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఫోనులో కొనడం కోడలు నేర్పింది. కూరగాయలు తరిగే మిషను, మూడు రకాల మోకాళ్ళ పట్టీలు, ఎవరూ వేసుకోని నైటీలు, ఎందుకు తెప్పించానో గుర్తులేని డబ్బాలు నా మంచం కింద ఉన్నాయి. దోసెడు పోశాక ఇంకో దోసెడు, అదే వరస. సైకిల్ ఆయన కనీసం ఇత్తనాలు గదా అని అడిగాడు, ఈ ఫోను అది కూడా అడగదు.

ఈ ఏడు అమావాస్యకు నా మనవరాలు ఫోనులోనే ఎద్దుల జత తెప్పించింది. మెరుస్తున్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. వాటి తప్పేముంది, పీట మీద పెట్టి బొట్టు పెట్టాను. మర్నాటి కోసం వీపనగండ్ల నుంచి వచ్చే పాలాయనతో నల్లరేగడి తెప్పించి ఉంచాను. తెల్లవారాక పిల్లను మట్టిముద్ద ముందు కూర్చోబెట్టి, నా నొప్పి మోకాళ్ళతో నేను హాల్లో అటూ ఇటూ నడిచాను. కాలనీలో ఏమనుకుంటారోనని కోడలు తెగ పరేషాన్ అయింది. ఏమైనా అనుకోనీ అన్నాను. పిల్ల ఎద్దు నాలుగోసారికి నిలబడింది. కేక పెట్టి ఎగిరింది. తన ఫోను ఎక్కడ పెట్టిందో సాయంత్రం దాకా వెతుక్కోలేదు.

చాట పట్టుకుని కాలనీ తిరిగాం. ఏ తలుపు కొట్టినా ఒకటే ప్రశ్న, "పార్సిలా? ఓటీపీ చెప్పాలా?" పార్సిల్ కాదు, కుంటెద్దు, జొన్నలు పోయండి అంటే కొందరికి అర్థం కాలేదు. కొందరు పెద్దవాళ్ళు మాత్రం లోపల్నుంచి ఉరికొచ్చారు. జొన్నలు లేక బియ్యం పోశారు. ఒకామె ఎద్దును చూసి, "అయ్యో, కాలు ఇరిగిపోయిందే! వాపస్ పంపితే కొత్తది ఇస్తరు కద పాపా" అని జాలిపడింది. నేను నోరు తెరిచేలోపే నా మనవరాలు అందుకుంది.

"ఇరగలే ఆంటీ. కుంటుతది. గట్లనే నడుస్తది."

నేను చెప్పమన్న మాట కాదు. ఆ పొద్దున తన చేత్తో నిలబెట్టుకున్న మాట. ఇప్పుడు ఫోనులో ఏదైనా నచ్చి వేలు అటు పోతుంటే, ఇది విరిగితే పడేస్తానా, కుంటినా నడిపించుకుంటానా అని అడుగుతాను. చాలాసార్లు వేలు వెనక్కి వస్తుంది. రానప్పుడు లేచి నాలుగడుగులు నడుస్తాను, కుడికి వాలి, కుడి పాదం బయటికి తిప్పి, మా అత్తలాగే. ఆ రోజు కాలనీ అంతా నా మనవరాలు నా పక్కనే నడిచింది, ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు.